రేకు మందం చెప్పకుండా సైకిళ్ల సంఖ్య చెప్పొద్దు

(లోహ ఆనోడ్ రీఛార్జబుల్ బ్యాటరీల మన్నిక గురించి ఎమ్మెస్సీ, బీటెక్ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే.

ముందు ఒక లెక్క వేద్దాం. నేను బోర్డు మీద వేస్తాను, మీరు నోటుబుక్కులో వేయండి. 100 మైక్రాన్ల మందం ఉన్న జింకు రేకుని ఆనోడ్‌గా, అంటే బ్యాటరీలో మైనస్ వైపు పలకగా, తీసుకున్నాం. జింకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు. అంటే చదరపు సెంటీమీటరు రేకులో ఉన్న జింకు 71.4 మిల్లీగ్రాములు. ఒక గ్రాము జింకు పూర్తిగా కరిగితే 820 ఎంఏహెచ్ (మిల్లీ యాంపియర్-అవర్లు, ఛార్జి కొలత) వస్తుంది. గుణించండి. చదరపు సెంటీమీటరుకు 58.5 ఎంఏహెచ్ వచ్చిందా? ఇప్పుడు సెల్‌ని ఎంతతో నడుపుతున్నాం? ఎక్కువ పరిశోధనా పేపర్లలో 1 ఎంఏహెచ్‌తో. ఉన్న సొమ్ములో నూటికి 1.7 వంతులు బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టేస్తున్నాం, అంతే.

ఆ జింకు నాసిగా పనిచేస్తోందనుకుందాం. వంద పాళ్లు కరిగిస్తే తొంభై తొమ్మిదే తిరిగి వస్తోంది. కూలంబిక్ ఎఫిషియెన్సీ 99 శాతం అన్నమాట. ప్రతి సైకిల్‌కీ, అంటే ఒకసారి డిశ్చార్జ్ చేసి మళ్లీ ఛార్జ్ చేసిన ప్రతిసారీ, 0.01 ఎంఏహెచ్ పోతోంది. మిగులు నిల్వ 57.5 ఎంఏహెచ్. ఎన్ని సైకిళ్లకి ఖాళీ అవుతుంది? 5,750. దీన్ని గ్రాఫ్ గీసి, పైన 'అతి దీర్ఘ ఆయుష్షు గల జింకు ఆనోడ్' అని పేరు పెట్టేయొచ్చు. అదే రసాయనం, అదే 99 శాతం, రేకు మాత్రం 10 మైక్రాన్లది తీసుకోండి. నిల్వ 5.85, మిగులు 4.85, సైకిళ్లు 485. ఎలక్ట్రోలైట్ (పలకల మధ్య అయాన్లని మోసే ద్రావణం) మారలేదు, రేకు మీద పూత మారలేదు. మారింది రేకు మందం ఒక్కటే.

గాదె కింద పందికొక్కు అంటాం కదా, ఇదీ అలాంటిదే. గాదె నిండుగా ఉన్నన్నాళ్లూ ఎంత తింటోందో ఇంట్లోవాళ్లకి తెలియదు. మందపాటి రేకు నిండు గాదె. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ పందికొక్కుని లెక్కగట్టడం గురించీ, దాన్ని ఎలా తగ్గించాలన్న దాని గురించీ.

గాదెలో మిగులే లేకపోతే ఏమవుతుందో కూడా వేసేద్దాం. అది చక్రవడ్డీని తిరగేసి వేసినట్టు ఉంటుంది. 99 శాతంతో వంద సైకిళ్లు: 0.99ని వందసార్లు గుణిస్తే 0.366, అంటే మూడో వంతుకు కొంచెం పైన మిగిలింది. 99.9 శాతంతో వంద సైకిళ్లకి 90.5 శాతం మిగులుతుంది, వెయ్యి సైకిళ్లకి మళ్లీ 37 దగ్గరికే వస్తుంది. ఇంటి పైన సోలార్ పెట్టి రోజుకొక సైకిల్ చొప్పున పదేళ్లు వాడాలి, అప్పటికి 80 శాతం మిగలాలి అన్నారనుకోండి. 3,650 సైకిళ్లు. దానికి కావాల్సింది 99.994 శాతం. దశాంశ బిందువు తర్వాత రెండో అంకె, మూడో అంకె ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైందా? '99.5 దాటాం' అని సంబరపడే ముందు ఈ వరసని ఒకసారి చూసుకోవాలి.

సరే, అసలు లోహం మీద ఇంత మోజు ఎందుకు? ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న ఆనోడ్ గ్రాఫైట్. అది లాడ్జి లాంటిది. గదులు ముందే కట్టి ఉంటాయి, లిథియం వచ్చి దిగుతుంది, ఖాళీ చేస్తుంది, గోడలు అలాగే ఉంటాయి. కానీ ఆ గోడల బరువు కూడా మనమే మోయాలి. అందుకే గ్రాఫైట్‌కి గ్రాముకి 372 ఎంఏహెచ్ వస్తే, లిథియం లోహానికి 3,860 వస్తుంది. పదింతలు. లోహానికి లాడ్జి లేదు. ప్రతి ఛార్జింగ్‌లోనూ అయాన్లు వచ్చి, ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ కూర్చుంటాయి. అంటే ప్రతి ఛార్జింగ్‌లోనూ ఆనోడ్‌ని పునాది నుంచీ కొత్తగా కట్టుకోవాలి, డిశ్చార్జ్‌లో కూల్చాలి. మేస్త్రీ లేడు, ప్లాను లేదు. ఎక్కడైనా కాస్త గుట్ట లేస్తే విద్యుత్ క్షేత్రం అక్కడ బలంగా ఉంటుంది, అయాన్లకి దారి కూడా అటే దగ్గర, కాబట్టి తర్వాత వచ్చేవి కూడా అక్కడికే చేరతాయి. అలా పెరిగిన ముళ్లే డెండ్రైట్లు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1970లలో ఎక్సాన్‌లో స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్ క్యాథోడ్ (ప్లస్ వైపు పలక) ఎదుట లిథియం లోహాన్నే పెట్టారు. తర్వాత కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ లిథియం లోహం, మాలిబ్డినం డైసల్ఫైడ్ సెల్స్‌ని మార్కెట్లోకి తెచ్చింది. 1989లో జపాన్‌లో మొబైల్ ఫోన్లలో అవి మంటలు లేవడంతో వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. రెండేళ్లకి, 1991లో, సోనీ కార్బన్ ఆనోడ్‌తో లిథియం-అయాన్ సెల్‌ని తెచ్చింది. లాడ్జి గెలిచింది. ముప్పై ఏళ్లు లోహం పక్కకి పోయింది. ఇప్పుడు మళ్లీ తలుపు తడుతోంది.

లిథియం గురించి రెండు మూడు మాటలు చెప్పి, జింకు దగ్గరికి వచ్చేస్తాను. ఎందుకంటే జింకు పని మీ కాలేజీ ల్యాబులో రేపే మొదలుపెట్టుకోవచ్చు.

లిథియం మీద ఎలక్ట్రోలైట్ తగలగానే పల్చని పొర ఏర్పడుతుంది. 1979లో ఇమాన్యుయెల్ పెలెడ్ దానికి సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్ అని పేరు పెట్టారు, అందరూ ఎస్‌ఈఐ అంటారు. గ్రాఫైట్ మీద ఆ పొర ఒకసారి ఏర్పడి దాదాపు నిలకడగా ఉంటుంది. లోహం మీద అలా కాదు. కింద నేల కదులుతూ ఉంటుంది. 1 ఎంఏహెచ్ లిథియం చదరపు సెంటీమీటరు మీద నిక్షేపమైతే 4.85 మైక్రాన్లు పెరుగుతుంది. వాడుకలో పనికొచ్చే సెల్‌లో 4 ఎంఏహెచ్ ఉంటుంది కాబట్టి ప్రతి ఛార్జింగ్‌లో దాదాపు 20 మైక్రాన్లు లేస్తుంది, డిశ్చార్జ్‌లో దిగిపోతుంది. నానోమీటర్ల మందం పొర దాని మీద పగలక ఏం చేస్తుంది? పగిలిన చోట కొత్త లిథియం, కొత్త పొర, మరికొంత ఎలక్ట్రోలైట్ ఖర్చు. కరిగేటప్పుడు ముల్లు మొదట్లోనే తెగిపోతే, పైన ఉన్నది కరెంటు అందని దీవిలా మిగిలిపోతుంది. దాన్ని చచ్చిన లిథియం అంటారు. పోయిన లిథియంలో పొరగా మారింది ఎంత, ఇలా తెగిపోయింది ఎంత అని 2019లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు కొలిచారు. సెల్‌లో మిగిలినదాని మీద నీళ్లు పోస్తే లోహం మాత్రమే హైడ్రోజన్ ఇస్తుంది కదా, ఆ గ్యాస్‌ని క్రొమటోగ్రఫీతో కొలిచారు. ఎక్కువ నష్టం తెగిపోయిన లోహం వల్లే అని తేలింది. అంతవరకూ అందరి వేలూ పొర వైపే ఉండేది.

మందు ఏమిటంటే, ఒకటి ఎలక్ట్రోలైట్. కార్బొనేట్ ద్రావకాల్లో లిథియం నాచులా పెరుగుతుంది. డైమెథాక్సీ ఈథేన్‌లో లీటరుకి 4 మోల్స్ ఎల్‌ఐఎఫ్‌ఎస్‌ఐ అనే లిథియం ఉప్పు కలిపితే 99.1 శాతం వచ్చిందని అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల వాళ్లు 2015లో చూపించారు. లీటరు ద్రావణంలో ముప్పావు కిలో ఉప్పు! ఖరీదూ ఎక్కువే, చిక్కదనమూ ఎక్కువే. అందుకని తర్వాత లిథియం అయాన్‌ని పట్టుకోని ఫ్లోరినేటెడ్ ఈథర్‌తో దాన్ని పల్చన చేస్తున్నారు. ఇంకొకటి ఒత్తిడి. 350 కిలోపాస్కల్స్, అంటే చదరపు సెంటీమీటరు మీద మూడున్నర కిలోల బరువు పెట్టినట్టు నొక్కి ఉంచితే, ముళ్లకి బదులు చిక్కటి దిమ్మెలా నిక్షేపమవుతుంది. అదే ప్రయోగశాల వాళ్లు 2021లో ఇంకో విషయం చూపించారు, ఇది నాకు చాలా ఇష్టమైన ఫలితం. కిలోకి 350 వాట్-అవర్ల పౌచ్ సెల్‌లో (సంచి ఆకారపు సెల్) రకరకాల మందాల లిథియం పెట్టి చూస్తే, 20 మైక్రాన్ల పల్చటి రేకు ఉన్న సెల్లే ఎక్కువ కాలం నడిచింది. 600 సైకిళ్ల తర్వాత 76 శాతం మిగిలింది. మందపాటి రేకులు ముందే పోయాయి! ఎందుకు? ఎలక్ట్రోలైట్ కొలతగా పోసినప్పుడు, ఎక్కువ లిథియం ఉంటే అదంతా లోలోపలికి తింటూ పోయి ఎలక్ట్రోలైట్‌ని తాగేసి, ఎండిపోయిన పొరగా మిగిలిపోతుంది. ఇంతకు ముందు మనం వేసిన గాదె లెక్క, ఎలక్ట్రోలైట్ కావలసినంత ఉన్న కాయిన్ సెల్‌కే (నాణెం ఆకారపు చిన్న సెల్) చెల్లుతుంది. అసలు సెల్‌లో గాదె పెద్దదైతే పందికొక్కులూ పెరుగుతాయి.

ఇక జింకు. మన పాత పుస్తకాల్లో యశదం, తుత్తునాగం. నీళ్లలో పనిచేస్తుంది, మంటలు లేవవు, గ్లోవ్‌బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) అక్కర్లేదు. 'నీళ్లు, జింకు, ఇంకేముంది?' అనుకుంటారు. ఉన్నదంతా అక్కడే ఉంది.

జింకు ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 0.76 వోల్టులు. జింకు సల్ఫేట్ ద్రావణం పీహెచ్ దాదాపు 4. ఆ పీహెచ్ దగ్గర హైడ్రోజన్ మైనస్ 0.24 దగ్గరే బయటికి రావాలి. థర్మోడైనమిక్స్ ప్రకారం మీ రేకు నీళ్లలో వేసిన క్షణం నుంచీ బుడగలు వదులుతూ కరిగిపోవాలి. పోవట్లేదంటే, జింకు ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడం చాలా నెమ్మదైన పని కాబట్టి. ఆ నెమ్మదే మన ఆస్తి. దాన్ని చెడగొట్టేవి ఏవో తెలుసుకుంటే సగం పని అయినట్టే. ఇనుము, నికెల్, రాగి, కోబాల్ట్ లాంటివి ద్రావణంలో పీపీఎంలలో ఉన్నా జింకు మీద నిక్షేపమై, హైడ్రోజన్‌కి తలుపు తీస్తాయి. ఎలక్ట్రోలిసిస్‌తో జింకు తీసే ఫ్యాక్టరీల్లో ద్రావణాన్ని సెల్ హౌస్‌కి పంపే ముందు జింకు పొడి కలిపి రాగి, నికెల్, కోబాల్ట్ లాంటివాటిని దించేది ఇందుకే. మీరు కూడా అది చేయొచ్చు. ద్రావణంలో కాస్త శుభ్రమైన జింకు పొడి వేసి, కలిపి, వడగట్టి వాడుకోండి. కుళాయి నీళ్లు మాత్రం వద్దు బాబూ.

ఇప్పుడు నష్టం ఎంతో కళ్లకి కనిపించేలా చూద్దాం. 1 ఎంఏహెచ్ కరెంటు జింకుకి పోతే 1.22 మిల్లీగ్రాముల లోహం వస్తుంది. అదే 1 ఎంఏహెచ్ హైడ్రోజన్‌కి పోతే 25 డిగ్రీల దగ్గర 0.46 మిల్లీలీటర్ల గ్యాస్ వస్తుంది. 2032 కాయిన్ సెల్ బయటి కొలతలు 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల ఎత్తు. మొత్తం కలిపి ఒక మిల్లీలీటరు. లోపల రేకులు, స్పేసర్, స్ప్రింగ్, తడిసిన సెపరేటర్ (రెండు పలకలూ తగలకుండా మధ్యలో ఉంచే పొర) పోగా ఖాళీ ఎంత ఉంటుంది? చాలా కొంచెం. 1 ఎంఏహెచ్ సైకిల్‌లో ఒక్క శాతం హైడ్రోజన్‌కి పోయినా వంద సైకిళ్లకి దాదాపు అర మిల్లీలీటరు గ్యాస్ లోపల ఇరుక్కుంటుంది. సెల్ ఉబ్బుతుంది, రేకుకీ సెపరేటర్‌కీ మధ్య బుడగలు నిలుస్తాయి, బుడగ ఉన్న చోట కరెంటు పోదు కాబట్టి మిగిలిన చోట రెట్టింపు పోతుంది. అక్కడ ముళ్లు లేస్తాయి. అంటే గ్యాస్, డెండ్రైట్లు వేర్వేరు జబ్బులు కావు, ఒకటి రెండోదాన్ని పిలుస్తుంది.

ఇంతటితో ఆగదు. ఒక్కో హైడ్రోజన్ అణువు పోయిన చోట రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. అవి జింకు సల్ఫేట్‌తో కలిసి జింకు హైడ్రాక్సీ సల్ఫేట్ అనే తెల్లటి పలకలుగా పేరుకుంటాయి. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో 8 డిగ్రీల దగ్గర కనిపించే పీక్ దీనిదే. ఒక హెచ్చరిక: ఈ పలకలు కూడా షట్కోణాకారమే, జింకు పలకలూ షట్కోణాకారమే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మ ఒక్కటీ చూసి 'చక్కటి చదును జింకు' అని రాసేవాళ్లు ఉన్నారు. డిఫ్రాక్షన్ తీయకుండా ఆ మాట అనొద్దు.

సరే, బెంచి దగ్గరికి వెళ్దాం. 50 మిల్లీలీటర్ల 2 మోలార్ ద్రావణానికి 28.75 గ్రాముల జింకు సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ కావాలి. మాంగనీస్ డయాక్సైడ్ క్యాథోడ్‌తో నడపబోతున్నారా, అయితే 0.1 మోలార్‌కి మాంగనీస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 0.845 గ్రాములు కలపండి. క్యాథోడ్ నుంచి మాంగనీస్ కరిగిపోవడాన్ని అది కొంత ఆపుతుంది. 50 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని అందులో ఉప్పు వేయడం కాదు. 30 మిల్లీలీటర్లలో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో గీత దాకా నింపాలి. ఇంత ఉప్పు దాని నీళ్లతో సహా చాలా చోటు తీసుకుంటుంది, తేడా బాగా వస్తుంది. తర్వాత అరగంట నైట్రోజన్ పంపండి. కరిగి ఉన్న ఆక్సిజన్ కూడా జింకుని తుప్పు పట్టిస్తుంది, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

రేకుని 1000 నంబరు, తర్వాత 2000 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, ఇథనాల్‌తో కడిగి, వెంటనే వాడండి. రుద్ది రాత్రంతా వదిలేస్తే పైన మళ్లీ ఆక్సైడ్ చేరుతుంది. పంచ్‌తో బిళ్లలు కొట్టేటప్పుడు అంచున చిన్న ముక్కు లేస్తుంది, వేలితో రాస్తే గీరుకుంటుంది. ఆ ముక్కు సెపరేటర్ వైపు ఉండేలా సెల్ కట్టారంటే మీరే డెండ్రైట్‌ని తయారు చేసి లోపల పెట్టినట్టు. బిళ్లని రెండు చదును ప్లేట్ల మధ్య నొక్కండి, లేదా ముక్కు ఉన్న వైపు వెనక్కి తిప్పండి. పూర్తి సెల్ కడుతుంటే జింకు బిళ్ల క్యాథోడ్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, లేకపోతే అంచు దగ్గర కరెంటు గుమిగూడుతుంది.

సెపరేటర్ విషయంలో కాస్త ఆగుతాను. అందరి చేతుల్లో ఉండేది వాట్‌మన్ జీఎఫ్-డీ గ్లాస్ ఫైబర్. 675 మైక్రాన్ల మందం. 16 మిల్లీమీటర్ల బిళ్ల తడవడానికి 120 మైక్రోలీటర్లకి పైనే తాగుతుంది. మెత్తగా ఉంటుంది, రంధ్రాలు పెద్దవి. జింకు ఆ నారల్లోకి పాకి, పత్తిలో తీగ పాకినట్టు పెరుగుతుంది. రేకుని ఊడదీస్తే సగం జింకు గ్లాస్ ఫైబర్‌కి అంటుకుని వస్తుంది. మందం వల్ల షార్ట్ కావడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. అదే ఎలక్ట్రోలైట్‌ని పల్చటి సెల్యులోజ్ సెపరేటర్‌తో నడిపి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే విషయం. మెత్తటి షార్ట్. అటూ ఇటూ జింకు రేకులే పెట్టిన సిమెట్రిక్ సెల్ నడుస్తోంది. వోల్టేజీ ప్లస్ 50, మైనస్ 50 మిల్లీవోల్టుల మధ్య ఊగుతోంది. ప్రతి అర సైకిల్ మొదట్లో చిన్న మూపు కనిపిస్తుంది, అది కొత్త జింకు మొలకెత్తడానికి కావాల్సిన అదనపు తోపు. ఒక రోజు వోల్టేజీ చప్పున 15కి పడిపోయింది, మూపు మాయమైంది, గీత స్కేలుతో గీసినట్టు దీర్ఘచతురస్రంలా వస్తోంది. సెల్ ఇంకో రెండువేల గంటలు 'నడిచింది'. చూసేవాడికి ఏమనిపిస్తుంది? 'ఉపరితలం స్థిరపడింది, పోలరైజేషన్ (కరెంటు నడపడానికి కావాల్సిన అదనపు వోల్టేజీ) తగ్గింది' అనిపిస్తుంది. జరిగింది వేరు. సన్నటి జింకు తీగ ఒకటి అవతలి వైపు ముట్టుకుంది, కరెంటులో కొంత దాని గుండా పోతోంది. తీగ సన్నం కాబట్టి పూర్తిగా సున్నాకి పడదు. ఒక్కోసారి తెగి, మళ్లీ అతుక్కుంటుంది, గ్రాఫ్ కాస్త వణుకుతుంది.

పట్టుకోవడం కష్టం కాదు. మూపు మాయమైన రోజున ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకి సెల్ చూపే నిరోధం) తీయండి. మొదటి రోజు ఉన్న అర్ధవృత్తం కుప్పకూలి కొన్ని ఓములకి వచ్చేస్తే అది షార్టే. ఇంతకంటే తేలిక దారి ఉంది: సిమెట్రిక్ సెల్ పక్కనే జింకు-రాగి సెల్ ఒకటి నడపండి. రాగి మీద గంటసేపు జింకు వేయండి, తర్వాత 0.5 వోల్టుల దాకా కరిగించండి. షార్ట్ లేని సెల్‌లో జింకు అయిపోగానే వోల్టేజీ నిట్టనిలువుగా లేస్తుంది. షార్ట్ అయిన సెల్‌లో గంట దాటినా, రెండు గంటలు దాటినా లేవదు, ఎందుకంటే కరెంటు తీగలో పోతోంది కానీ జింకు కరగట్లేదు. ఎఫిషియెన్సీ 100 దాటి 103, 108 అని వస్తుందే, అది అద్భుతం కాదు, షార్ట్. (నవ్వులు)

ఎఫిషియెన్సీ కొలిచే పద్ధతి కూడా చెప్పేస్తాను. రాగి మీద ముందు 5 ఎంఏహెచ్ వేసి పూర్తిగా కరిగించండి, ఉపరితలం అలవాటు పడుతుంది. మళ్లీ 5 వేయండి, ఇది నిల్వ. దాని మీద 1 ఎంఏహెచ్ చొప్పున పది సైకిళ్లు నడపండి. చివర మొత్తం కరిగించండి. 5కి బదులు 4.7 వచ్చిందనుకోండి. మొత్తం కరిగింది 10 ప్లస్ 4.7, మొత్తం వేసింది 10 ప్లస్ 5. 14.7ని 15తో భాగిస్తే 98 శాతం. లిథియం వాళ్లు వాడే పద్ధతే ఇది, జింకుకీ పనికొస్తుంది. అయితే రాగి ఆధారంగా వాడితే, జింకు కప్పని చోట రాగి మీద హైడ్రోజన్ తేలిగ్గా పుడుతుంది, రెండు లోహాలూ ముట్టుకుని ఉన్నాయి కాబట్టి జింకు ఇంకా త్వరగా కరుగుతుంది. అందుకే కొందరు టైటానియం రేకు వాడతారు. ఏది వాడారో రాయండి, అంతే.

కరెంటు ఎంత పెట్టాలి? ఇక్కడ జింకు లిథియానికి ఎదురు తిరుగుతుంది. లిథియాన్ని నెమ్మదిగా ఛార్జ్ చేస్తే మంచిది. జింకుని మరీ నెమ్మదిగా నడిపితే తుప్పుకి ఎక్కువ సమయం దొరుకుతుంది. చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీ యాంపియర్లతో 1 ఎంఏహెచ్ నడిపారంటే అర సైకిల్ ఆరు నిమిషాలు. 5,000 సైకిళ్లు వెయ్యి గంటల్లో, అంటే 42 రోజుల్లో అయిపోతాయి. ఆ 42 రోజుల్లో సెల్‌కి ఒక్క పూట కూడా విశ్రాంతి లేదు. ఇంటి మీద బ్యాటరీ ఆరేడు గంటలు ఛార్జ్ అవుతుంది, నిండిన జింకుతో చీకటి పడేదాకా కూర్చుంటుంది, రాత్రి ఖాళీ అవుతుంది. కాబట్టి ఇంకో పరీక్ష తప్పనిసరి: జింకు వేయండి, 24 గంటలు అలా వదిలేయండి, తర్వాత కరిగించండి. తక్కువ వచ్చిన ప్రతి పైసా తుప్పు ఖాతాలో రాయండి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గరే కాదు, 45 దగ్గర కూడా చేయండి. మే నెలలో రామగుండంలో మిద్దె మీద పెట్టిన పెట్టె లోపల 25 ఎక్కడ ఉంటుంది?

ఇక మందుల సంగతి. ఒక్కొక్కటీ వందల పేపర్లు, నేను నమ్మేవే చెబుతాను. మొదటిది, చవకైనది, ఎలక్ట్రోప్లేటింగ్ షాపులవాళ్లకి ఎప్పటి నుంచో తెలిసినది: ద్రావణంలో కొంచెం సేంద్రియ పదార్థం. పాలిథిలీన్ గ్లైకాల్, సాకరిన్, కొన్ని సర్ఫక్టెంట్లు. వాళ్లు మెరుపు కోసం వేస్తారు, మనం ఆయుష్షు కోసం వేస్తాం, పని ఒకటే. అవి ఉపరితలానికి, ముఖ్యంగా లేస్తున్న మొనలకి అంటుకుని అక్కడ నిక్షేపాన్ని కష్టం చేస్తాయి, కాబట్టి జింకు చుట్టుపక్కల సన్నటి రేణువులుగా సర్దుకుంటుంది. ఎక్కువ వేస్తే పోలరైజేషన్ పెరిగి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ ఎక్కువవుతుంది. రెండోది నీళ్లని తగ్గించడం. లీటరుకి 3 మోల్స్ జింకు ట్రైఫ్లేట్, లేదా కిలో నీళ్లకి 30 మోల్స్ జింకు క్లోరైడ్. రెండో దాంట్లో ఉప్పు నాలుగు కిలోలు, నీళ్లు ఒక కిలో. దాన్ని ద్రావణం అనడం మర్యాద కోసం. నీటి అణువులన్నీ జింకు చుట్టూ కట్టుబడి ఉంటే చెడు చేసే ఖాళీ నీళ్లు ఉండవు. ట్రైఫ్లేట్ బాగా పనిచేస్తుంది, ధర చూస్తే జింకు బ్యాటరీ చవక అన్న మాట మర్చిపోవాలి. మూడోది పూత. కాల్షియం కార్బొనేట్ దగ్గర నుంచి టైటానియం డయాక్సైడ్ దాకా అన్నీ ప్రయత్నించారు. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: జింకు పూత కింద నిక్షేపమైందా, పైనా? అడ్డకోత తీసి చూపించండి. 1 ఎంఏహెచ్‌కి జింకు లేచేది 1.7 మైక్రాన్లే, అంత ఎత్తుకి ఏ పూతైనా పగలదు. 5 ఎంఏహెచ్ వేసి, ఎనిమిదిన్నర మైక్రాన్లు లేపి చూడండి. అప్పుడు చాలా పూతలు చిట్లుతాయి, చిట్లిన చోటి నుంచే జింకు బయటికి పొడుచుకొస్తుంది.

నాలుగోదానికి రసాయనం అక్కర్లేదు, వాడే తీరు చాలు. జింకు-బ్రోమిన్ ఫ్లో బ్యాటరీలు నడిపేవాళ్లు కొన్ని రోజులకోసారి జింకుని పూర్తిగా కరిగించి పలకని శుభ్రం చేస్తారు. నిన్నటి గుట్టల మీద ఈ రోజు జింకు పెరగకుండా, పాత జ్ఞాపకం చెరిపేయడం. లిథియంలో కూడా పూర్తిగా డిశ్చార్జ్ చేసిన స్థితిలో విశ్రాంతినిస్తే తెగిపోయిన లిథియంలో కొంత మళ్లీ పనిలోకి వస్తుందని 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూపించారు. చుట్టూ ఉన్న పొర కొంత కరిగి, తర్వాతి ఛార్జింగ్‌లో అతుక్కుంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

— సార్, మా ల్యాబులో ఆర్గాన్ లేదు. నైట్రోజన్ నింపిన గ్లోవ్‌బాక్స్‌లో లిథియం సెల్ కట్టొచ్చా?

వద్దమ్మా. మిగతా లోహాలకి నైట్రోజన్ జడవాయువే, లిథియానికి కాదు. మామూలు ఉష్ణోగ్రత దగ్గరే చర్య జరిగి లిథియం నైట్రైడ్ అవుతుంది, రేకు నల్లబడుతుంది. ఆర్గాన్ ఉండాలి, తేమా ఆక్సిజనూ 1 పీపీఎం లోపు ఉండాలి. లేకపోతే జింకు చేయండి, సిగ్గుపడాల్సిన పని కాదు.

— సార్, పేపర్ పంపేటప్పుడు కనీసం ఏమేం రాయాలి?

రేకు మందం, బిళ్ల వ్యాసం, సెపరేటర్ పేరూ మందం, పోసిన ఎలక్ట్రోలైట్ మైక్రోలీటర్లలో, చదరపు సెంటీమీటరుకి ఎంఏహెచ్, నిల్వలో ఎన్నో వంతు వాడారు, ఉష్ణోగ్రత. ఒకే రకం సెల్స్ కనీసం మూడు కట్టి మూడింటి ఫలితాలూ పెట్టండి, బాగా నడిచిన ఒక్కదాన్ని కాదు.

— చచ్చిపోయిన జింకు సెల్‌ని విప్పి చూడాలంటే ఎలా సార్?

ముందు వోల్టేజీ చూసి రాసుకోండి. సెల్ ఉబ్బి ఉంటే కళ్లద్దాలు పెట్టుకుని, నిప్పుకి దూరంగా, గాలి ఆడే చోట విప్పండి, లోపల హైడ్రోజన్ ఉంటుంది. కటింగ్ ప్లయర్‌తో అంచుని చుట్టూ కొంచెం కొంచెం లేపండి, ఒకేసారి నొక్కితే ఆ నొక్కుడుకే రేకు వంగి, మీరు చూసేది మీరు చేసిన గాయమే అవుతుంది. సెపరేటర్‌ని లాగొద్దు. బిళ్లతో సహా డీఐ వాటర్‌లో (అయాన్లు తీసేసిన నీళ్లలో) రెండు నిమిషాలు ఉంచితే జింకు సల్ఫేట్ స్ఫటికాలు కరిగిపోతాయి, హైడ్రాక్సీ సల్ఫేట్ కరగదు, కాబట్టి చూడాల్సింది పోదు. అప్పుడు నెమ్మదిగా ఊడదీసి, ఇథనాల్‌లో ముంచి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, మొదటి రోజు తూచిన బరువుతో పోల్చండి. సెపరేటర్‌ని పారేయకండి, దాన్ని కూడా ఆరబెట్టి తూచండి, పోయిన జింకు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.